సీసాలో పాసైంది, గెడ్డలో?

పోయిన ఆదివారం పొద్దున్నే మా మరిది గాజువాక నుంచి బండి మీద వచ్చాడు. ముందు అయిదు లీటర్ల క్యాను, వెనక లేబుళ్ల కట్ట. ఇంటి వెనక షెడ్డులో గిన్నెలు తోమే లిక్విడ్ కలిపి చుట్టుపక్కల హోటళ్లకూ హాస్టళ్లకూ వేస్తుంటాడు. నాలుగేళ్లుగా వాళ్ల ఇల్లు దానిమీదే నడుస్తోంది. కొత్తగా వేయించిన లేబుల్ చూపించాడు. పచ్చటి ఆకు, ఆకు కింద పెద్దక్షరాల్లో "100% బయోడిగ్రేడబుల్". అంటే సూక్ష్మజీవులు మొత్తం తిని విరగ్గొట్టేస్తాయని.

"వదినా, మీరు ల్యాబులో ఇదే పని చేసేవారు కదా. ఓ కాగితం మీద రాసి సంతకం పెట్టేయండి. పెద్ద హోటల్ ఆర్డరు ఒకటి వచ్చేలా ఉంది, సర్టిఫికెట్ అడుగుతున్నారు."

"పరీక్ష ఎక్కడ చేయించావు?"

"ఏటి పరీక్ష? స్లర్రీ అమ్మినాయనే చెప్పాడు, ఇది నీళ్లలో పడితే విరిగిపోద్దని."

నేను సంతకం పెట్టలేదు. అతను ఉప్మా తినకుండానే వెళ్లిపోయాడు. సాయంత్రం మా చెల్లి ఫోన్ చేసి, "ఒక్క సంతకం పెడితే ఏం పోయేదే అక్కా" అంది. ఏం పోయేదో ఫోన్లో చెప్పే ఓపిక లేక ఇక్కడ రాస్తున్నాను. ఇది మా మరిది ఒక్కడి కోసమే కాదు. పొద్దున బీచ్ రోడ్డులో నాతో నడిచే ఒక పెద్దాయన ఉన్నారు. ఆయనది సరిగ్గా ఎదురు వాదన. "ల్యాబు రిపోర్టులన్నీ డబ్బిచ్చి రాయించుకునేవే అమ్మా, దేన్నీ నమ్మకూడదు" అంటారు. ఇద్దరితోనూ నాకు పేచీ ఉంది.

ముందు మరిది సంగతి. స్లర్రీ అమ్మినాయన చెప్పింది అబద్ధమేమీ కాదు. మన దగ్గర యాసిడ్ స్లర్రీ పేరుతో డ్రమ్ముల్లో దొరికే ఆ చిక్కటి ముదురు రంగు ద్రవానికి కాస్టిక్ సోడా కలిపితే వచ్చేది లీనియర్ ఆల్కైల్ బెంజీన్ సల్ఫొనేట్. పొడవు పేరు కాబట్టి లాస్ అందాం. బట్టల పౌడర్లలోనూ గిన్నెల సబ్బుల్లోనూ నురగ ఎక్కువగా దీనిదే. ఆ పేరులో 'లీనియర్' అన్న ముక్కకు ఒక కథ ఉంది. 1950ల్లో యూరప్‌లోనూ అమెరికాలోనూ వాడిన డిటర్జెంట్ రసాయనానికి కొమ్మలు కొమ్మలుగా చీలిన కర్బనపు తోక ఉండేది. బ్యాక్టీరియా ఆ తోకను చెరుకుగడ నమిలినట్టు కొస నుంచి, రెండేసి కర్బనాలు చొప్పున కొరుక్కుంటూ వస్తుంది. మధ్యలో కొమ్మ అడ్డొస్తే అక్కడితో ఆగిపోతుంది. అలా తినకుండా వదిలేసిందంతా నదుల మీద నురగ గుట్టలై తేలింది. జర్మనీ 1961లో చట్టం చేసి, 1964 నుంచి అమలు చేసింది. అమెరికాలో తయారీదారులు 1965 కల్లా తోకను సాఫీగా మార్చేశారు. సబ్బు పనితనం దాదాపు అలాగే ఉంది, నురగ గుట్టలు తగ్గాయి. ఒక అణువు ఆకారం మారిస్తే నది తేరుకున్న సందర్భాలు చరిత్రలో ఎక్కువ లేవు. నాకు ఈ రంగం మీద ఇష్టం కలిగింది ఆ కథ విన్నాకే.

అంటే 'విరిగిపోద్ది' అన్నది ఊరికే పుట్టిన మాట కాదు. మరి ఆ మాట అనడానికి చేసే పరీక్ష ఎలా ఉంటుంది?

ఓఈసీడీ అనే దేశాల కూటమి పెట్టిన పరీక్ష అది, పేరు ఓఈసీడీ 301. మొదట 1981లో వచ్చింది, ఇప్పుడు వాడుతున్న రూపం 1992 నాటిది. ఏ నుంచి ఎఫ్ వరకు ఆరు పద్ధతులున్నాయి. సారాంశం మాత్రం ఒకటే. ఒక సీసాలో ఖనిజ లవణాలు కలిపిన నీళ్లు పోస్తాం. అందులో పరీక్షించాల్సిన పదార్థం కొద్దిగా, మురుగుశుద్ధి కేంద్రం నుంచి తెచ్చిన సూక్ష్మజీవులు కొద్దిగా వేస్తాం. వాటికి తినడానికి ఆ పదార్థం తప్ప ఇంకేమీ ఉండదు. చీకట్లో, 22 డిగ్రీలకు రెండు డిగ్రీలు అటూ ఇటూగా, 28 రోజులు ఉంచుతాం. తిన్నాయో లేదో ఒక్కో పద్ధతిలో ఒక్కోలా కనిపెడతాం. ఒకదాంట్లో ఆక్సిజన్ ఎంత తగ్గిందో చూస్తాం, ఇంకోదాంట్లో కార్బన్ డయాక్సైడ్ ఎంత వచ్చిందో చూస్తాం, మరోదాంట్లో నీళ్లలో కరిగిన కర్బనం ఎంత మిగిలిందో చూస్తాం.

నాకు ఇష్టమైనది మూత బిగించిన సీసా పద్ధతి. అందులో మిషను పని తక్కువ, చేతిపని ఎక్కువ. బీవోడీ (సూక్ష్మజీవులు తినడానికి పట్టే ఆక్సిజన్) కొలిచే సీసా తెరిచి మాంగనీస్ సల్ఫేట్, ఆల్కలీ అయొడైడ్ వేసి తిప్పితే లోపల మబ్బు పడుతుంది. ఆక్సిజన్ ఉంటే ఆ మబ్బు గోధుమరంగులో ఉంటుంది, లేకపోతే తెల్లగా ఉంటుంది. తర్వాత ఆమ్లం పోసి, స్టార్చ్ వేసి, నీలం రంగు పోయేదాకా టైట్రేషన్ చేయాలి. విన్‌క్లర్ అనే ఆయన 1888లో చెప్పిన పద్ధతిది. లెక్క కంటే ముందు కళ్లకే జవాబు కనబడుతుంది. ఆ తెల్ల మబ్బు మాట గుర్తుంచుకోండి, దానితో తర్వాత పనుంది.

పాస్ మార్కు ఆక్సిజన్ లెక్కలోనైనా, కార్బన్ డయాక్సైడ్ లెక్కలోనైనా 60 శాతం. కరిగిన కర్బనం లెక్కలో 70. నూరు ఎందుకు కాదని ప్రతి ట్రైనీ అడుగుతాడు. మనం తిన్న అన్నమంతా ఊపిరిగా బయటికి పోదు కదా, కొంత ఒంటికి పడుతుంది. బ్యాక్టీరియా కూడా అంతే, తిన్నదాంట్లో కొంత తన ఒళ్లు పెంచుకోవడానికి వాడుకుంటుంది. 60 శాతం ఊపిరిగా వచ్చిందంటే మిగతాది చాలావరకు కొత్త కణాలుగా మారిందని అర్థం. ఇది తెలియక "60 శాతమే విరిగింది, 40 శాతం విషం మిగిలింది" అని రాసేసేవాళ్లను చూశాను. "60 దాటింది కాబట్టి 100 శాతం" అని లేబుల్ వేసేవాళ్లనూ చూశాను. పరీక్ష ఏం చెబుతోందో ఇద్దరూ వినలేదు.

పది రోజుల కిటికీ అని ఇంకో షరతుంది. విరగడం 10 శాతం దాటిన రోజు నుంచి పది రోజుల్లోపు పాస్ మార్కు అందుకోవాలి. ఇడ్లీపిండి రుబ్బి పెట్టాక మొదటి కొన్ని గంటలు ఏమీ జరగనట్టే ఉంటుంది. ఒకసారి అందుకుందంటే మనం లేచేసరికి గిన్నె మూత ఎత్తేస్తుంది. ఈ పరీక్ష కూడా ఆ నిదానాన్ని క్షమిస్తుంది. సూక్ష్మజీవులు కొత్త తిండికి అలవాటు పడటానికి టైమిస్తుంది. అలవాటు పడ్డాక కూడా ఈడ్చుకుంటూ పోతే మాత్రం 'సులభంగా విరిగేది' అన్న పేరు ఇవ్వదు. సర్ఫాక్టెంట్లకు, అంటే జిడ్డు వదిలించే సబ్బులాంటి పదార్థాలకు, యూరప్ డిటర్జెంట్ చట్టం ఈ కిటికీ మినహాయించింది. అవి ఒకే అణువు కాదు, చిన్నాపెద్దా తోకలున్న కుటుంబం. అన్నీ ఒకే రోజు అందుకోవు.

ఇప్పుడు బీచ్ రోడ్డు పెద్దాయన మాటకొస్తాను.

రిపోర్టులు కొనుక్కోవచ్చు అన్న మాటను నేను కొట్టిపారేయను. నేను పనిచేసిన ల్యాబు పేరు చెప్పను, అక్కడ జరిగిందొకటి మాత్రం చెబుతాను. ఎన్‌ఏడీ జంక్షన్లో ఫ్లైఓవర్ కడుతున్న రోజులు. మే నెల. మురుగుశుద్ధి కేంద్రం నుంచి స్లడ్జ్, అంటే సూక్ష్మజీవులున్న బురద, క్యాను పట్టుకొస్తుంటే కారు ట్రాఫిక్‌లో రెండు గంటలకు పైగా ఇరుక్కుంది. క్యానును నిండా నింపి మూత బిగించేశారు. ఎండలో, గాలి లేకుండా, డిక్కీలో. ల్యాబుకు వచ్చాక మూత తీస్తే వాసన మారిపోయి ఉంది. మంచి స్లడ్జ్‌ది తడిమట్టి వాసన. ఇది గుడ్డు కుళ్లిన వాసన. ఆగుదామన్నాను. క్లయింటుకు తేదీ ఇచ్చేశాం అన్నారు. సీసాలు పెట్టేశాం.

ప్రతి పరీక్షలోనూ ఒక సాక్షి సీసా ఉంటుంది. అందులో తప్పకుండా విరిగే పదార్థం వేస్తాం, మా దగ్గర సోడియం బెంజోయేట్. టమాటా సాస్ సీసా వెనక చూడండి, చాలావాటిలో ఉంటుంది. సాస్‌లో పులుపు ఎక్కువ కాబట్టి అక్కడది బూజును ఆపుతుంది. మా సీసాలో పులుపు లేదు, పైగా బాగా పల్చన, అందుకని సూక్ష్మజీవులకు అదే మొదటి ముద్ద అవుతుంది. ఒకే పదార్థం ఒకచోట కాపలాదారు, ఇంకోచోట భోజనం. సరే, ఆ సాక్షి 14 రోజుల్లోపు పాస్ మార్కు దాటాలి. దాటకపోతే సూక్ష్మజీవులే బాగాలేవని అర్థం, పరీక్ష మొత్తం చెల్లదు. ఆసారి 14వ రోజున బెంజోయేట్ 41 దగ్గర ఆగింది. క్లయింటు పదార్థం 12. మేనేజరు అన్నమాట ఇప్పటికీ చెవిలో ఉంది: "బెంజోయేట్‌కు 60 వేసెయ్యమ్మా, వాళ్ల పదార్థం ఎలాగూ ఫెయిలే కదా, ఎవరడుగుతారు?"

నేను వేయలేదు. పెద్ద గొడవైంది. చివరికి కొత్త స్లడ్జ్ తెచ్చి మళ్లీ పెట్టాం. ఈసారి దారంతా బ్యాటరీ పంపుతో గాలి కొట్టుకుంటూ తెచ్చాం. బెంజోయేట్ వారంలోనే 60 దాటింది. 'ఎలాగూ ఫెయిలే' అన్న పదార్థం 68 శాతంతో, కిటికీ లోపలే పాసైంది. ఆ అంకె దిద్ది ఉంటే ఒక మంచి పదార్థాన్ని చెడ్డదని రాసేవాళ్లం.

పెద్దాయనకు ఈ కథ చెబితే, "చూశావా, అలా దిద్దేస్తారనే నేనంటున్నా" అన్నారు. నాకు ఆ కథలో కనబడేది వేరు. అబద్ధం చెప్పాలంటే ఎక్కడ చెప్పాలో ఈ పరీక్షలో ముందే కనబడిపోతుంది. సాక్షి సీసా ఉంది. ఏమీ వేయని ఖాళీ సీసా ఉంది, స్లడ్జ్ తనంతట తాను పీల్చుకునే ఆక్సిజన్ ఎంతో అదే చెబుతుంది. పదార్థమూ బెంజోయేటూ రెండూ వేసిన సీసా ఇంకోటుంది. అందులో బెంజోయేట్ కూడా విరగకపోతే ఆ పదార్థం సూక్ష్మజీవులను చంపేస్తోందన్నమాట. ఈ నాలుగింటి అంకెలూ పక్కపక్కన పెట్టి చూడటం తెలిసినవాళ్లకు దిద్దుబాటు తెలిసిపోతుంది. మన దగ్గర రిపోర్టు అడిగేవాళ్లే తక్కువ, అడిగినా మొదటి పేజీ దాటి చూసేవాళ్లు ఇంకా తక్కువ.

పైగా ఈ పరీక్ష చాలా కఠినమైనది. మురుగుశుద్ధి కేంద్రంలో గాలి కొట్టే ట్యాంకులో లీటరుకు రెండు వేల నుంచి నాలుగు వేల మిల్లీగ్రాముల స్లడ్జ్ ఉంటుంది. మా సీసాలో 30కి మించకూడదు. ఆ పదార్థాన్ని ముందే రుచి చూపించి అలవాటు చేసిన సూక్ష్మజీవులను వాడకూడదు. అంత తక్కువ మంది, అంత కొత్త తిండి, నెలలోపు గడువు. ఇన్ని అడ్డంకులు దాటి పాసైన పదార్థం బయట గాలి ఆడే నీళ్లలో త్వరగానే పోతుందని ధైర్యంగా అనొచ్చు. పారాసెటమాల్ అలాంటిదే. మూర్ఛకు వాడే కార్బమజెపైన్ అలాంటిది కాదు. అది శుద్ధి కేంద్రంలో ఒక గుమ్మంలోంచి వెళ్లి రెండో గుమ్మంలోంచి దాదాపు అలాగే బయటికి వస్తుంది.

ఫెయిలయినంత మాత్రాన చెడ్డదని కాదు. అప్పుడు ఓఈసీడీ 302 ఉంది, అందులో సూక్ష్మజీవులు ఎక్కువ. ఆ తర్వాత నిజమైన నది నీరు, అడుగుమట్టి తెచ్చి చేసే పరీక్షలున్నాయి. వాటికి నెలలు పడుతుంది, డబ్బు కూడా బాగా అవుతుంది. అందుకే ఈ 301ను గేటు దగ్గర వాచ్‌మన్‌లా వాడతారు. తెలిసినవాణ్ని లోపలికి పంపుతాడు, తెలియనివాణ్ని ఆపి అడుగుతాడు. ఆపినంత మాత్రాన దొంగ అనడు.

ఇప్పుడు మా మరిది లేబుల్ దగ్గరికి మళ్లీ వస్తాను. అక్కడ నాకున్న అభ్యంతరాలు రెండు. ఒకటి చిన్నది, ఒకటి పెద్దది.

చిన్నది ఏమిటంటే, ఆ పరీక్ష ఒక్కో రసాయనానికి చేసేది, కలిపిన సరుకుకు కాదు. అతని క్యానులో లాస్ ఉంది, నురగ కోసం ఇంకో సర్ఫాక్టెంట్ ఉంది, ఉప్పు, రంగు, నిమ్మ వాసన, పాడవకుండా వేసే మందు ఉన్నాయి. ఉప్పుకు విరగడమన్న మాటే వర్తించదు. అన్నీ కలిపి సీసాలో పెడితే లాస్ ఒక్కటే అందరి మార్కులూ తెచ్చేస్తుంది, వెనక బెంచీలో రంగు కూర్చుని ఉన్నా కనబడదు. కొన్ని క్లీనర్లలో వేసే ఈడీటీఏ ఈ పరీక్షలో పాస్ కాదు. బట్టలు తెల్లగా మెరవడానికి వేసే బ్రైటెనర్లు కూడా పాస్ కావు. '100%' అన్న అంకెకు ఇక్కడ అర్థమే లేదు. 2024 అక్టోబరులో కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ గ్రీన్‌వాషింగ్ మీద మార్గదర్శకాలు తెచ్చింది. పర్యావరణం పేరు చెప్పి అమ్మితే రుజువు చూపించాలంటుంది. మా మరిదికి ఆ సంగతి తెలియదు. సూపర్‌మార్కెట్ల అరల్లో ఆకుబొమ్మలతో నిలబడ్డ పెద్ద పెద్ద బ్రాండ్లకు తెలియదని మాత్రం నేననుకోను.

విరగడం అన్నా, హాని లేకపోవడం అన్నా ఒకటే అనుకోవడం కూడా పొరపాటే. కుంకుడుకాయ నురగ చక్కగా విరిగిపోతుంది. అయినా కుంకుడుకాయలు చితక్కొట్టి చెరువులో వేసి చేపలు పట్టడం పాత కాలపు పద్ధతి. చేప చచ్చాక ఎన్ని రోజులకు విరిగితే దానికేం? అటు నుంచి చూస్తే, ప్లాస్టిక్ తయారీలో వాడే స్టైరీన్ కూడా ఈ తరహా పరీక్షలో సులభంగా విరిగే పదార్థమే. 2020 మే 7 తెల్లవారుజామున విశాఖ ఆర్.ఆర్. వెంకటాపురంలో ఫ్యాక్టరీ నుంచి లీకైన ఆ ఆవిరి పీల్చి 12 మంది పోయారు. ఆ వారమంతా మా ల్యాబు వాట్సాప్ గ్రూపులో ఒక కుర్రాడు "స్టైరీన్ బయోడిగ్రేడబులే కదా మేడమ్, ఎక్కువ రోజులుండదు" అని మెసేజీలు పెడుతుంటే ఏం జవాబివ్వాలో నాకు తోచలేదు. అతను తప్పు చెప్పడం లేదు. ఆ మాట ఆ రోజు ఎవరికీ పనికిరాదు, అంతే.

సగం విరిగి ఆగిపోయేవి ఇంకో రకం. నొనైల్‌ఫినాల్ ఇథాక్సిలేట్లని ఒకప్పుడు డిటర్జెంట్లలో విరివిగా వాడారు. పైపైన చూస్తే నురగ పోతుంది, అణువు మారిపోతుంది. మిగిలే నొనైల్‌ఫినాల్ మాత్రం మొండిది. పైగా చేపల శరీరంలో ఆడ హార్మోనులా నటిస్తుంది. అందుకే నురగ పోయిందా అన్న పాత ప్రశ్న వదిలేసి, ఊపిరిగా మారిందా అన్న ప్రశ్న పట్టుకున్నారు. యూరప్ వాటిని చాలా వాడకాల్లో ఆపేసింది.

ఇక పెద్ద అభ్యంతరం. ఇది మరిది మీద కాదు.

మూడేళ్ల క్రితం మా చెల్లి కూతురికి స్కూల్లో సైన్స్ ప్రాజెక్టు ఇచ్చారు. "పెద్దమ్మా, నీళ్ల మీద ఏదైనా చెప్పు" అంది. అప్పటికి నేను ఉద్యోగం మానేశాను, అయినా పాత బీవోడీ సీసాలు రెండు, మందులు కొద్దిగా దొరికాయి. ఒక సీసాలో కుళాయి నీళ్లు పట్టాం. రెండోది వాళ్ల వీధి చివర మురుగు పారే వాగులో, అదే గెడ్డలో, బుడగలు రాకుండా జాగ్రత్తగా ముంచి నింపాం. రెండింట్లోనూ మందులు వేసి తిప్పాం. కుళాయి నీళ్ల సీసాలో గోధుమరంగు మబ్బు పడింది. గెడ్డ సీసాలో పడింది తెల్ల మబ్బు, పాలు విరిగినట్టు. పిల్ల "ఇదే బాగుంది పెద్దమ్మా" అంది. ఆ తెలుపుకు అర్థం ఆ నీళ్లలో ఆక్సిజన్ లేదని. మా మరిది అప్పుడు పక్కనే ఉన్నాడు, చూశాడు.

లెక్క సులభమే. ముప్ఫై డిగ్రీల నీళ్లలో గాలి నుంచి కరిగే ఆక్సిజన్ లీటరుకు ఏడున్నర మిల్లీగ్రాములు. ఇళ్ల నుంచి వచ్చే మామూలు మురుగునీటి ఆకలి లీటరుకు దాదాపు రెండు వందల మిల్లీగ్రాములు. ఏడు రూపాయలు జేబులో పెట్టుకుని రెండు వందల బిల్లుకు కూర్చున్నట్టు. అన్నం, నూనె, మలం తినడానికే ఆక్సిజన్ చాలదు, లాస్ వంతు వచ్చేసరికి ఏమీ మిగలదు. అప్పుడు గాలి అక్కర్లేని బ్యాక్టీరియా పైచేయి అవుతుంది. అది సల్ఫేటును పీల్చి హైడ్రోజన్ సల్ఫైడ్ వదులుతుంది, గెడ్డ పక్కన ఇళ్లలో ఇత్తడి సామాను నల్లబడటానికి కారణం అదే. ఇనుముతో కలిసి నల్ల బురద అవుతుంది. గెడ్డ నలుపు మట్టి రంగు కాదు.

లాస్ సులభంగా విరిగేది గాలి ఉన్నచోట. గాలి కొట్టే శుద్ధి ట్యాంకులోకి వెళ్తే 95 శాతానికి పైగా అక్కడే పోతుంది. గాలి లేనిచోట దాదాపు కదలదు, బురదకు అంటుకుని ఉండిపోతుంది. అణువు అదే, పరీక్షా అదే, పాస్ మార్కూ అదే. ఒక వీధిలో తూముకు డ్రైనేజీ కనెక్షన్ ఉంది, ఇంకో వీధిలో తూము నేరుగా గెడ్డలోకి తెరుచుకుంది. మొదటి వీధిలో ఆ లేబుల్ నిజం, రెండో వీధిలో అబద్ధం. బీచ్ రోడ్డు వెంట నడుస్తుంటే ఇసుకను కోసుకుంటూ సముద్రంలోకి పోయే నల్లటి పాయలు కనబడతాయి కదా, వాటి దగ్గర నిలబడి ఆకుబొమ్మ లేబుల్ చదువుకుంటే ఎలా ఉంటుందో ఆలోచించండి.

వేడి దేశంలో ఉన్నాం కాబట్టి మనకు అన్నీ త్వరగా కుళ్లుతాయి, 22 డిగ్రీల పరీక్ష మనకు ఇంకా కఠినమే కదా అని ఒక పాత సహోద్యోగి వాదించేవాడు. సగం నిజం. ఇంగ్లండులో రాయల్ కమిషన్ 1912లో మురుగునీటికి అయిదు రోజుల పరీక్ష పెట్టింది, అక్కడి నదులు సముద్రం చేరడానికి అంతకు మించి పట్టదని చెప్తారు. మనం బీవోడీని 27 డిగ్రీల దగ్గర మూడు రోజులే చూస్తాం, మన నీళ్లు వేడి కాబట్టి. ల్యాబులో 301 పెట్టాలంటే మే నెలలో ఏసీ రాత్రింబవళ్లు నడవాలి, కరెంటు పోతే జెనరేటర్ తిరగాలి. మన వేడికి బ్యాక్టీరియా ఆకలి పెరిగే మాట నిజమే. అదే వేడికి నీళ్లలో ఆక్సిజన్ తగ్గుతుంది. ఇరవై డిగ్రీల నీళ్లలో తొమ్మిది మిల్లీగ్రాములు కరిగితే మన ముప్ఫైలో ఏడున్నర. తినేవాడి ఆకలి పెరిగింది, కంచం చిన్నదైంది.

మన నిబంధనల్లో నన్ను ఎప్పుడూ ఆలోచింపజేసిన రెండంకెలు కూడా చెప్పాలి. సముద్రంలోకి వదిలే వ్యర్థజలాలకు దేశమంతటా ఉన్న సాధారణ పరిమితి బీవోడీ 100, సీవోడీ 250. కాలువలూ నదుల్లోకి అయితే బీవోడీ 30, సీవోడీ అదే 250. బీవోడీ అంటే మూడు రోజుల్లో సూక్ష్మజీవులు తినగలిగింది. సీవోడీ అంటే డైక్రోమేట్ వేసి మరిగిస్తే ఆక్సీకరణమయ్యేదంతా. రెండింటికీ మధ్య ఉన్న ఖాళీలో ఏముంటుంది? నిదానంగా విరిగేవి, అసలు విరగనివి. ఫ్యాక్టరీ బీవోడీని 20కి దించి సీవోడీని 240 దగ్గర ఉంచితే కాగితం మీద రెండూ పాసే. 220 దేనిదని ఆ కాగితం అడగదు. పరవాడ ఫార్మాసిటీ వైపు పనిచేసినవాళ్లకు ఈ లెక్క కొత్త కాదు. పటాన్‌చెరు దగ్గర శుద్ధి కేంద్రం నుంచి బయటికొచ్చే నీళ్లలో లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయోటిక్ ఉందని 2007లో స్వీడన్ శాస్త్రవేత్తలు ప్రచురించాక దేశమంతా ఉలిక్కిపడింది. మూత బిగించిన సీసా పరీక్షలో సిప్రోఫ్లాక్సాసిన్ విరగదు. బ్యాక్టీరియాను చంపడానికే చేసిన మందును బ్యాక్టీరియా తినాలని ఆశించడం కూడా అత్యాశే. బీవోడీ కాగితంలో అలాంటిది కనబడదు, పైగా బ్యాక్టీరియాను చంపి బీవోడీ అంకెను ఇంకా తగ్గించి చూపిస్తుంది.

కాబట్టి నాకు కావలసినవి రెండు. లేబుల్ మీద ఏ పరీక్ష, ఎన్ని రోజులు, ఏ పదార్థానికి అన్నది రాయాలి. అది చిన్న వ్యాపారికి కూడా కష్టం కాదు, ముడిసరుకు అమ్మేవాణ్ని రిపోర్టు అడిగితే చాలు. ఇక ఆ పరీక్ష ఊహించుకున్న ఆక్సిజన్ నిజంగా ఉండాలంటే ఇంటింటి తూమూ శుద్ధి కేంద్రానికి చేరాలి. ఆ రెండోది సబ్బు చేసేవాడి చేతిలో లేదు. లేదు కాబట్టే ఆ మాట సబ్బు డబ్బా మీద అంత ధీమాగా ఉండకూడదంటాను. బీచ్ రోడ్డు పెద్దాయనైతే, "అయితే మొత్తం మానేద్దాం, బూడిదతో తోముకుందాం" అంటారు. ఊరంతా బూడిద ఎక్కడ తెస్తాం సార్, గ్యాసు పొయ్యిల కాలంలో?

బుధవారం మరిది మళ్లీ వచ్చాడు. ఈసారి ఉప్మా తిన్నాడు. స్లర్రీ అమ్మినాయనను రిపోర్టు అడిగాడట. వాట్సాప్‌లో ఒక ఫొటో వచ్చింది, మొదటి పేజీ మాత్రమే. మిగతా పేజీలు పంపమంటే, "ఎవరూ అడగరు బాబూ, నువ్వెందుకు అడుగుతున్నావు" అన్నాడట.

"అడుగుతూనే ఉండు" అన్నాను.

"అడుగుతాను గానీ వదినా, పాత లేబుళ్లు రెండు వేలున్నాయి."

మొత్తం మీద గంటసేపు బేరమాడుకున్నాం. '100%' తీసేస్తానన్నాడు. రిపోర్టు పూర్తిగా వచ్చాక, "ఇందులోని ప్రధాన సర్ఫాక్టెంట్ గాలి ఉన్న నీటిలో 28 రోజుల పరీక్షలో పాసైంది" అని చిన్నక్షరాల్లో వేస్తానన్నాడు. గెడ్డలో పోయొద్దు అన్న ముక్క కూడా వేయమంటే, "నా ఇంటి తూమే గెడ్డలోకి పోతోంది, నేనెలా రాసేది" అన్నాడు. దానికి నా దగ్గర జవాబు లేదు. ఆకుబొమ్మ మాత్రం తీసేది లేదని తేల్చి చెప్పాడు. అది ఏ చెట్టు ఆకని అడిగితే, డిజైనర్ని కనుక్కుని చెప్తానన్నాడు.